సముద్రానికి కట్ట ఎటున్నదని అడిగినవాడు

ఎవరైనా దయ్యాల కథ మొదలుపెడితే నేను లేచి పక్క గదిలోకి పోయేదాన్ని. భయంతో కాదు, విసుగుతో. చిన్నప్పటినుంచి చేతికి దొరికిన పుస్తకమల్లా చదివినదాన్ని. కంటికి కనబడనిదాన్ని నమ్మడం నాలాంటివాళ్ళ పని కాదనుకునేంత గర్వం నాకుండేది. ఇప్పటికీ శ్మశానం పక్కనుంచి ఒంటరిగా నడవగలను. కాబట్టి దీన్ని దయ్యాన్ని చూసినదాని మాటగా తీసుకోకండి. నేను ఎవరినీ చూడలేదు. చూడలేదన్నదే నా బాధ.

మాది మానుకోట. బాపుకు స్టేషను దగ్గర ధాన్యం దుకాణం ఉండేది. అమ్మ పుట్టిల్లు పాలకుర్తి వైపు. అక్కడి దేవుడి పేరే మా అన్నకు పెట్టుకుంది, సోమయ్య అని. రజాకార్ల కాలంలో అన్న నిజాం మీద పోరాడే సంఘంలో కలిశాడు. మొదట్లో అప్పుడప్పుడు దొడ్డిదారిన వచ్చి, తిని పోయేవాడు. తర్వాత అదీ మానేశాడు. మొగుళ్లపల్లి అవతలి అడవుల్లో ఉన్నాడని దుకాణానికి వచ్చిన ఒక బండి మనిషి బాపు చెవిలో చెప్పి పోయాడు. ఆ తర్వాత ఏ కబురూ లేదు.

ఆ ఏడు వానలు తగ్గేసరికి అన్న కోసం ఇంటికి వచ్చిపోయే పోలీసులు ఎక్కువయ్యారు. దీపావళి దాటాక ఒకరోజు బాపు తాళాలు పక్కింట్లో ఇచ్చి, పెళ్ళికి పోతున్నామని చెప్పి మమ్మల్ని బెజవాడ రైలెక్కించాడు. దారిలో సామాను వెతుకుతారని నేను నా డైరీలన్నీ ముందే పొయ్యిలో పెట్టాను. వాటిలో అన్న గురించి రాసి ఉంది. కొన్ని పేజీలు తొందరగా అంటుకోలేదు.

బెజవాడలో మా వైపు నుంచి వచ్చినవాళ్ళే ఎక్కడ చూసినా. సత్రాల్లో చోటు లేదు, చెట్ల కింద పొయ్యిలు. అమ్మకు అంతకుముందునుంచే ఉన్న దగ్గు అక్కడ ముదిరింది. డాక్టరు చూసి సముద్రపు గాలి తగిలితే మంచిదన్నాడు. అప్పుడు బాపుకు భీమునిపట్నం గుర్తొచ్చింది. దుకాణానికి గోనె సంచులు పంపే సన్యాసినాయుడు గారిది ఆ ఊరే. గాలి మార్పు కోసం ఎక్కడెక్కడినుంచో జనం అక్కడికి వచ్చి ఇళ్ళు అద్దెకు తీసుకుంటారనీ, ఎండాకాలం దాటాక ఆ ఇళ్ళు ఖాళీగా పడి ఉంటాయనీ ఆయన ఎప్పుడో చెప్పాడట.

ఇక్కడ ఒక సంగతి గట్టిగా చెప్పాలి. భీమునిపట్నం పోవాలన్న ఆలోచన బెజవాడలో పుట్టింది. మానుకోటలో ఏ ఒక్కరికీ తెలియదు. ఉత్తరాలు విప్పి చదువుతారన్న భయంతో మేము ఎవరికీ రాయలేదు. నాయుడు గారికి కూడా మేము వెళ్ళి గుమ్మంలో నిలబడేదాకా తెలియదు.

ఆయన మమ్మల్ని ఒక సత్రంలో దించి, ఊళ్ళో మూడు చోట్ల ఇళ్ళు దొరుకుతాయని చెప్పాడు. ఒకటి బజారు వెనక సందు. మా వైపునుంచి వచ్చిన రెండు కుటుంబాలు అప్పటికే అక్కడ ఉన్నాయి. రెండోది సముద్రపు ఒడ్డున, గాలి కోసం వచ్చేవాళ్ళు దిగే ఇళ్ళ వరస. మూడోది ఊరికి ఎడంగా మెరక మీద, మెట్లెక్కి పోవాలి. అక్కడ ఉన్నవే నాలుగైదు ఇళ్ళు.

ఆ సాయంత్రం సత్రంలో అమ్మా బాపూ వాదులాడుకున్నారు. వాళ్ళు గొంతు పెంచుకోవడం నేను ఎప్పుడూ వినలేదు. అమ్మకు తన దగ్గు సంగతి పట్టలేదు. ఆమెకు కావలసింది ఒక్కటే. అన్న వెతుక్కుంటూ వస్తే మేము దొరకాలి.

"సోమయ్య వస్తె ఎవలనడుగుతడు?" అంది అమ్మ. "మనోళ్లున్న కాడుంటె గీ ఇల్లే అని సూపిస్తరు. ఎవలకు తెల్వని కాడుంటె పోరడు తిరిగి తిరిగి పోడా?"

"మనోళ్లున్న కాడనే మనల్ని పట్టిచ్చెటోళ్లు గూడ ఉంటరు," అన్నాడు బాపు. సందులో ఉన్న ఒక కుటుంబానికి మా వైపు పోలీసు పటేలుతో చుట్టరికం ఉందని ఆయన అప్పటికే ఆరా తీశాడు. మేమిక్కడున్నామని అక్కడ తెలిస్తే, మాకోసం వచ్చే అన్నకోసం ఎవరైనా కాచుకుంటారని ఆయన భయం.

ఇద్దరిదీ ఒకే భయం. ఒకరికి అన్న మమ్మల్ని కనుక్కోలేడేమోనని, ఇంకొకరికి మమ్మల్ని చూసి అన్నను కనుక్కుంటారేమోనని. నేను మధ్యలో మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నాను. నన్ను ఎవరూ అడగలేదు, అడిగితే ఏం చెప్పాలో నాకూ తెలియదు. చివరికి మూడూ చూద్దాం, చూశాకే మాట్లాడుకుందాం అన్నాడు బాపు.

మర్నాడు పొద్దున్నే ముందుగా బజారు వెనక సందుకు పోయాము. ఇంటాయన ముసలివాడు, అరుగు మీద కూర్చుని పొగాకు చుట్ట చుట్టుకుంటున్నాడు. మా మాట వినగానే నవ్వాడు.

"మీవాడు నిన్ననే వచ్చి చూసి వెళ్ళాడుగా, మళ్ళీ మీరెందుకు? వాడిదీ ఇదే యాస. సముద్రానికి కట్ట ఎటున్నదని అడిగాడండీ! సముద్రానికి కట్టేమిటయ్యా, మీ దేశంలో సముద్రాలకి కట్టలు కడతారా అన్నాను. వాడు నవ్వనైనా నవ్వలేదు."

అమ్మ అరుగు పట్టుకుని కూర్చుండిపోయింది.

ఇది నవ్వే సంగతి ఎందుకు కాదో చెప్పాలి. మా వైపు నీళ్ళంటే చెరువు. చెరువంటే దానికో కట్ట. ఏ ఊళ్ళో ఇల్లు చూసినా ముందు అడిగేది అది కట్ట కిందా, ఎగువనా అని. కట్ట కింద ఇల్లయితే వానాకాలం కంటికి నిద్ర ఉండదు. నాకు ఊహ తెలియని రోజుల్లో పాలకుర్తి వైపు మా అమ్మమ్మగారి ఊళ్ళో కట్ట తెగింది. ఎనిమిదేళ్ళ అన్న నన్ను మెడ మీద ఎక్కించుకుని గడ్డివాము ఎక్కాడట. అప్పటినుంచి కొత్త ఊరికి ఎప్పుడు పోయినా, చుట్టాల ఇంటికి పోయినా సరే, చెప్పులు విడవకముందే కట్ట ఎటున్నదని అడగడం అన్నకు అలవాటైంది. అందరూ ఆటపట్టించేవారు. మానేవాడు కాదు.

మనిషి ఎట్లా ఉన్నాడని బాపు అడిగాడు. సన్నగా, పొడుగ్గా ఉన్నాడట. తల మీద తుండుగుడ్డ కప్పుకున్నాడట. ముఖం సరిగా చూడలేదన్నాడు ముసలాయన. అమ్మ ఆ ఇల్లే తీసుకుందామని లేచింది. అప్పుడు ఆయన చెప్పాడు, ఆ కుర్రవాడు ఇల్లంతా చూసి, ఇది పల్లం, మావాళ్ళకు వద్దు అని వెళ్ళిపోయాడని. అమ్మ వెంటనే సందులోంచి బయటికి నడిచింది.

దారిలో బాపు గొంతు తగ్గించి తనకు తాను చెప్పుకుంటున్నట్టు చెప్పాడు. సంఘంవాళ్ళకు అన్ని చోట్లా మనుషులుంటారు, బెజవాడలో మనల్ని ఎవరో చూసి ఉంటారు, వాడికి కబురు అంది ఉంటుంది, మనకంటే ముందు రైలెక్కి ఉంటాడు, పట్టుబడకుండా దూరంనుంచే మనకు ఇల్లు చూస్తున్నాడు. వింటుంటే అంతా సబబుగానే ఉంది. నేనూ నమ్మాను. ఆ నడిచినంతసేపు నాకు కలిగిన సంతోషం మళ్ళీ ఎప్పుడూ కలగలేదు. ప్రతి మలుపులోనూ తుండుగుడ్డ కప్పుకున్న మనిషికోసం చూశాను.

ఒడ్డున ఉన్న ఇళ్ళ వరసకు ఒకే కాపలా మనిషి. తాళాలగుత్తి తీసుకుని వచ్చి ఒక్కో తలుపూ తీసి చూపించాడు. లోపల ఇసుక, గోడలకు ఉప్పు తేమ, ఎవరో వదిలేసి పోయిన మందు సీసాలు. గాలికోసం వచ్చినవాళ్ళందరూ బాగుపడి పోయారా అని అడగబోయి ఊరుకున్నాను. ఆ రోజు తెల్లవారుతుండగా ఒక కుర్రవాడు వచ్చి వరండాలో నిలబడ్డాడని కాపలా మనిషి చెప్పాడు. చాలాసేపు నీళ్ళకేసి చూశాడట. ఇల్లు కావాలా అంటే తల అడ్డంగా ఊపి మెరక వైపు నడిచిపోయాడట. మాట్లాడలేదు కనుక యాస సంగతి తనకు తెలియదన్నాడు.

మెరక మీదికి దారి ఒక్కటే. కొండరాయి మెట్లు, అటూ ఇటూ మొగలి పొదలు. అమ్మ దగ్గుతూ, ఆగుతూ ఎక్కింది. బాపు చెయ్యి పట్టుకుంటానంటే ఒప్పుకోలేదు. మాకు ఎదురుగా ఎవరూ రాలేదు. మేకలు మాత్రం దిగుతున్నాయి. మిట్టమధ్యాహ్నం, ఎండ తెల్లగా ఉంది. చీకటిలో జరిగి ఉంటే నేను దీన్ని ఇంతగా పట్టించుకునేదాన్ని కాదు.

పైన ఆఖరి ఇల్లు నరసమ్మ గారిది. భర్త పోయాక ముందు భాగంలో తానుంటూ, వెనక రెండు గదులు అద్దెకు ఇచ్చేది. మేము వాకిట్లో అడుగుపెట్టేసరికి ఆమె ఆ గదులు ఊడ్చి చీపురు గోడకు ఆనిస్తోంది.

"రండమ్మా. మీ అబ్బాయి ఇప్పుడే కదా దిగినాడు. మెట్ల కాడ మీకు ఎదురవ్వలేదేటి?"

అమ్మ వెనక్కి తిరిగి పరుగెత్తింది. దగ్గుమనిషి, నెలలుగా నాలుగడుగులు వేస్తే ఆయాసపడే మనిషి, ఆ మెట్లమీద చెప్పులు జారిపోతున్నా ఆగకుండా "సోమయ్యా, ఓ సోమయ్యా" అని పిలుస్తూ దిగింది. బాపు ఆమె వెనక దిగాడు. అన్న పేరు గట్టిగా పలకడం మానుకుని అప్పటికి ఏడాది దాటింది మాకు. నేను పైనే నిలబడి చూశాను. మెట్లు కిందిదాకా కనబడుతున్నాయి. అమ్మ, బాపు, మేకలు. ఇంకెవరూ లేరు.

వాళ్ళు మళ్ళీ ఎక్కి వచ్చేలోపల నరసమ్మ గారు నన్ను ఎగాదిగా చూసి వెనక గదుల్లో చిన్నదానిలోకి తీసుకుపోయింది. సముద్రం వైపు కిటికీ ఉంది.

"ఇది నీకేనమ్మా. చెల్లి ఎక్కువ మాటాడదు, కిటికీ ఉన్న గది దానికిమ్మన్నాడు. సదువుకుంటాదంట."

ఎక్కువ మాట్లాడని పిల్ల అన్నాడు కదా, అట్లాగే నిలబడ్డాను. మా ఊళ్ళో నేను చదువుతానన్న సంగతి దాచుకోవలసిన సంగతి. అన్న ఎక్కడినుంచో తెచ్చి పుస్తకాలు బియ్యం బస్తాల వెనక పెట్టేవాడు. అది మా ఇద్దరికి తప్ప ఎవరికీ తెలియదు.

అమ్మ వచ్చి, వాడు మళ్ళీ ఎప్పుడొస్తానన్నాడని అడిగింది. నరసమ్మ గారు కాసేపు అమ్మ ముఖంలోకి చూసింది. "ఏమో తల్లీ, చెప్పలేదు," అంది.

ఆ ఇల్లే తీసుకున్నాము. ఇక వాదన లేదు. ఎవరూ కనుక్కోలేని చోటని బాపు ఒప్పుకున్నాడు, కొడుకు ఎంచిన చోటని అమ్మ ఒప్పుకుంది.

అక్కడ దాదాపు ఏడాది ఉన్నాము. దాని గురించి రాయడానికి పెద్దగా ఏమీ లేదు. కింద ఊళ్ళోకి పోతే మా మాట విని నవ్వేవాళ్ళు. బావి దగ్గర ఒక పిల్ల నన్ను రోజూ "ఏంది అను, మళ్ళీ ఒకసారి ఏంది అను" అనేది. చెడ్డ పిల్ల కాదు, ఆమెకు అదొక ముచ్చట. నేను మాత్రం కడవతో నీళ్ళు తోడుకుని తల వంచుకుని వచ్చేదాన్ని. కొన్ని రోజులు పొద్దున్నుంచి రాత్రిదాకా నా నోటినుంచి ఒక్క మాట వచ్చేది కాదు. కొత్త డైరీలో మాత్రం పేజీలకు పేజీలు రాసేదాన్ని.

అమ్మ రోజూ సాయంత్రం మెట్ల పైన కూర్చునేది. అన్నకు ఒక పిడికెడు బియ్యం ఎక్కువ వేసి వండేది. మిగిలిన అన్నం పొద్దున నేను తినేదాన్ని. ఆశ్చర్యమేమిటంటే ఆమె దగ్గు తగ్గుతూ వచ్చింది.

నిజాం రాజ్యం పోయిందన్న వార్త వచ్చాక బాపు ముందుగా ఒక్కడే మానుకోట పోయాడు. దుకాణం ఎట్లా ఉందో చూసి, అన్న సంగతి కనుక్కుని వస్తానన్నాడు. వచ్చిన రోజు నేను మెట్ల సగంలో ఉన్నాను. నన్ను చూసి బాపు అక్కడే కూర్చున్నాడు. చేతిలోని సంచి పక్కన పెట్టి, తన కాళ్ళకేసి చూస్తూ చెప్పాడు.

మానుకోట దగ్గరి గార్లలో ఆయనకు అన్నతోపాటు ఉన్న ఒక మనిషి కలిశాడు. అన్నకు అడవిలో జ్వరం తగిలిందట. మోసుకుని పోయే వీలు లేక ఒక వాగు ఒడ్డున పందిరి వేసి ఉంచారట. వారం తిరగకముందే పోయాడట. మొగుళ్లపల్లి అవతల, ఆ వాగు పక్కనే పూడ్చిపెట్టామని ఆ మనిషి బాపు చెయ్యి పట్టుకుని ఏడ్చాడట.

ఎప్పుడని అడిగాను.

"బతుకమ్మ పండుగకు ముందట," అన్నాడు బాపు.

బతుకమ్మ వచ్చేది దసరాకు. మేము ఇల్లు వదిలింది దీపావళి దాటాక. బాపు నా వైపు చూశాడు, నేను బాపు వైపు చూశాను. ఆ మనిషి పొరబడ్డాడేమోనని నేనంటే, వాడి ఒళ్ళోనే పోయాడు బిడ్డా అన్నాడు. ఏడ్చానో లేదో నాకు గుర్తులేదు, ఆ రోజు డైరీలో కూడా రాయలేదు.

అమ్మకు చెప్పక తప్పలేదు. ఆమె చివరిదాకా విన్నది. కన్నీళ్ళు పెట్టలేదు. బాపును ఒక్కటే అడిగింది.

"పండుగ ముందట్నె సచ్చినోడైతె, గీ ఇల్లెవడు సూశిండు?"

ఆ రోజునుంచి ఆమె ఆ మాటను పట్టుకుని కూర్చుంది. గార్ల మనిషి చెప్పింది అబద్ధం, పోయింది ఇంకెవరో. నా కొడుకు ఈ ఇల్లు చూసి పోయాడు, ఈ ఇంటికే వస్తాడు. మేము కదిలితే వచ్చి ఖాళీ ఇల్లు చూస్తాడు. అందుకని కదలనంది. బాపు దుకాణం మళ్ళీ తెరవాలి, అక్కడ అప్పులవాళ్ళూ ఇక్కడ అద్దె. ఒకసారి బతిమాలాడు, ఒకసారి కోప్పడ్డాడు. సామాను కట్టి వాకిట్లో పెడితే ఆమె ఒక్కొక్కటే విప్పి మళ్ళీ లోపల సర్దింది. ఆమెను వదిలిపెట్టి పోలేము, అట్లా అని ఉండిపోలేము. నేను ఆ రోజుల్లో నిజంగా భయపడ్డాను. దయ్యానికి కాదు, అమ్మ ఇక ఎప్పటికీ ఆ మెట్ల మీదే ఉండిపోతుందేమోనని.

ఒక మధ్యాహ్నం నరసమ్మ గారు చింతపండు గింజలు తీస్తూ అరుగుమీద కూర్చుంది. అమ్మ వెళ్ళి పక్కన కూర్చుని తనూ ఒక చేరెడు తీసుకుంది. నేను గుమ్మంలో ఉన్నాను. అమ్మ మామూలుగా అడిగినట్టే అడిగింది, ఆ రోజు మా పోరడు ఇంకేమన్నడు అక్కా అని. ఏడాదిలో కనీసం వంద సార్లు అడిగి ఉంటుంది. నరసమ్మ గారు ఎప్పుడూ ఆ కిటికీ గది మాటే చెప్పేది.

ఆ రోజు ఆమె చేతులు ఆగాయి.

"నానే అడిగినాను తల్లీ, నువ్వూ ఉంటావేటి బాబూ అని. నేనుండనన్నాడు. ముగ్గురేనన్నాడు. మా బాపు, మా అమ్మ, చెల్లి, ముగ్గురికి చాల్తాది అన్నాడు. ఆ పొద్దు నీ మొకం చూసి ఆ మాట మింగీసినాను."

అమ్మ చేతిలోని చింతపండు అట్లాగే పట్టుకుని సముద్రంకేసి చూస్తూ కూర్చుంది. తర్వాత లేచి, చేతులు కడుక్కుని, లోపలికి వచ్చింది. ఆ పూట బియ్యం కొలిచేటప్పుడు నేను చూస్తూనే ఉన్నాను. ముగ్గురికే పోసింది. పోశాక పొయ్యి ముందు కూలబడి, మొదటిసారి గొంతెత్తి ఏడ్చింది. వారంలోపల మేము ఆ ఇల్లు ఖాళీ చేశాము.

మానుకోట వచ్చాక నేను దీన్ని అన్ని వైపులనుంచీ ఆలోచించాను. కట్ట ఎటున్నదని అడగడం అన్న ఒక్కడికే ఉన్న అలవాటు కాదు, మా వైపు మనిషి ఎవరైనా అడగవచ్చు. ఆ రోజుల్లో ఇళ్ళు వదిలి వచ్చినవాళ్ళు ఎందరో. ఇంకెవరో కుర్రవాడు తన అమ్మకూ బాపుకూ చెల్లెలికీ ఇల్లు చూసి, వాళ్ళను తీసుకురావడానికి పోయి ఉండవచ్చు. నరసమ్మ గారు పేరు అడగలేదు. కానీ చదువుకునే చెల్లెలు, ఎక్కువ మాట్లాడని చెల్లెలు ఎన్ని ఇళ్ళలో ఉంటుంది? ఉంటుందేమో. ఆ ఒక్క మెట్లదారిన దిగినవాడు మాకెందుకు ఎదురు కాలేదు? నా చదువు దానికి ఏమీ చెప్పలేకపోయింది.

అది అన్న కాకపోతే, ఎవరో ముగ్గురు రావలసిన ఇంట్లో మేము ఏడాది ఉన్నాము. వాళ్ళు ఎందుకు రాలేదో, దారిలో ఏమయ్యారో నాకెప్పటికీ తెలియదు. ఆ కిటికీ ముందు కూర్చోవలసిన పిల్ల ఇంకొకతె.

అది అన్నే అయితే, అంత దూరం వచ్చి, ఊరంతా తిరిగి, నాకు వెలుతురు వచ్చే గది వెతికి పెట్టినవాడు, ఇంకొక్క నిమిషం ఆగి నాకు కనబడి ఎందుకు పోలేదు?